సీసపు గుండు మీద గీత

లారెల్ వాగు, కెంటకీ
సెప్టెంబరు 12, 1954

చెల్లాయ్ వర్డీకి అన్నయ్య ఎస్టిల్ రాసేది,

నీ పార్సెల్ నిన్న అందింది. గుండ్ల సంగతికి తరవాత వస్తాను, ముందు నీ ఒంట్లో ఎలా ఉందో రాయి. ఆపరేషన్ చేసి తీసిన రాళ్లని డాక్టరు సీసాలో వేసి చేతికిచ్చాడని రాశావు. పారెయ్యి తల్లీ, దాచుకోడానికి అవేమన్నా ముత్యాలా? మీ వదిన ఓమా ఆపిల్ గుజ్జు చేసి నీకోసం రెండు సీసాలు పక్కన పెట్టింది. డేటన్ వైపు ఎవరైనా వస్తే పంపుతాను. మీ ఆయన కాజ్‌కి మన తిండి దిగదని తెలుసు. ఆ పోలిష్‌వాళ్ల ఉడకేసిన కజ్జికాయలు తినే నోటికి మన మొక్కజొన్న రొట్టె ఏం రుచిస్తుంది?

ఇక గుండ్లు. నిన్న సాయంత్రం ఒకటి తీసి ఎప్పటిలాగే కొవ్వు రాసిన గుడ్డపీలికలో చుట్టి గొట్టంలోకి తోశాను. దిగదే! కడ్డీని సుత్తితో కొడితే గానీ లోపలికి పోలేదు. పేలిస్తే గురికి జానెడు పక్కన తగిలింది. సరే, నా కళ్లే మసకబారాయి అనుకున్నాను. అప్పుడు ఇంకో గుండుని వేళ్ల మధ్య తిప్పి చూశాను. గీత లేదు.

తాత ఒకసారి సీసం పోసే అచ్చులో ఇరుక్కున్న గుండుని తొందరలో కత్తిమొనతో పెకలించబోయి గుంటలో గాటు పెట్టాడు కదా. అప్పటినుంచీ ఆ అచ్చులో పుట్టిన ప్రతి గుండుకీ నడుం మీద వెంట్రుకంత గీత ఉంటుంది. నాన్న కళ్లు మూసుకుని గోటితో తడిమి మన గుండుని పది గుండ్లలోంచి ఏరేవాడు. ఈసారి నువ్వు పంపినవాటిలో ఒక్కదానికీ గీత లేదు. బఠాణీల్లా నున్నగా ఉన్నాయి.

నాన్న పోయేముందు చేసిన పంపకం నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. తుపాకీ నాకు, దాని అచ్చు నీకు. "రెండూ ఒకళ్ల దగ్గరే ఉంటే రెండోవాళ్లకి మీరు ఉత్తరం ముక్క రాయరు, నాకు తెలీదా?" అన్నాడు. పాతకాలం తుపాకీ దేని కొలత దానిదే, పక్కవాడి గుండు పనికిరాదు. అందుకే అచ్చు ఒకసారి తీసి చూసి రాయి. కోడెదూడ మాంసం వాటాల కోసం పెట్టే గురి పందెం అక్టోబరు ఆఖరి శనివారం. పోయినేడు వెనక తొడ నేను గెలిచానని బర్లీ ఫ్యూగేట్ ఇంకా కుళ్లుతున్నాడు. ఈసారి వాడి ముందు నేను వట్టి చేతులతో ఇంటికి రావాలంటే తల కొట్టేసినట్టే.

నీ మంచి కోరి అప్పుడప్పుడూ సతాయించే
అన్నయ్య ఎస్టిల్


డేటన్, ఒహాయో
సెప్టెంబరు 20

అన్నయ్యా,

రాళ్లు పారెయ్యను. నొప్పులు పడింది నేను, అవి నావి.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మంచం మీంచి లేవలేని స్థితిలో కూడా నీ గుండ్ల డబ్బా వేళకి చేరిందా లేదా? చేరింది. దానికి ఒక మంచి మాట లేదు, గీత ఏదని ఆరా ఒకటి. సీసం వేడి చాలకపోతే గుంట అంతా పారదు, గీత పడదు. ఆ మాత్రం తెలియదా నీకు? గొట్టంలో మసి పేరుకుని ఇరుకైతే గుండు దిగదు. వేడినీళ్లతో కడిగావా అసలు? నీకు బద్ధకం అని అమ్మ ఊరికే అనేది కాదు.

ఇంకో మాట. ఓమా వదిన పిన్నికూతురు లోడీ మొన్న ఇక్కడ చర్చిలో కనపడింది. మీ ఇంటికి కారులో ఒక పెద్దమనిషి వచ్చాడట, భూతద్దంతో తుపాకీని తలకిందులు చేసి చూశాడట, వదిన ఆయన కోసం కోడిని కూడా కోసిందట. నీ ఉత్తరంలో ఆ ఊసే లేదేం? తుపాకీ ఒక్కటైతే ఒక ధర, అచ్చుతో జోడైతే ఇంకో ధర అని నాకూ తెలుసు. అచ్చు పాడైందని నన్ను నమ్మించి, "పోనీలే, ఆ పాత ఇనుము నాకు పంపెయ్" అని మెల్లగా లాగేద్దామనా? చిన్నప్పుడు నా బొమ్మ గుర్రాన్ని కూడా ఇలాగే, "దాని కాలు విరిగింది, నేను బాగుచేస్తా" అని పట్టుకుపోయావు. ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

గుండ్లు నేనే పోశాను. నాన్న నేర్పినట్టే పోశాను. కాజ్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. నీకు అక్కర్లేకపోయినా ఆయన ప్రతిసారీ అడుగుతాడు.

వర్డీ


లారెల్ వాగు
అక్టోబరు 1

వర్డీ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ జవాబు. నేను గీత గురించి అడిగితే నువ్వు బొమ్మ గుర్రం దాకా వెళ్లావు.

వచ్చినాయన పేరు ప్రెంటిస్, ఊరు సిన్సినాటి. ఆయనకి తుపాకులు అక్కర్లేదు, పాత గుండ్ల అచ్చులు పోగేస్తాడు. ఇల్లంతా అచ్చులేనట. భార్య వదిలేసి పోయిందట, ఆవిడ తప్పేం లేదు. అమ్ముతావా అని అడిగాడు, అమ్మనన్నాను. కోడి మాట నిజమే. ఓమా ఎవరొచ్చినా కోస్తుంది, మీ ఆయనొచ్చినా కోసింది.

ఆయన చెప్పిన ఒక మాట నీకు రాయకూడదనుకున్నాను. నువ్వు ఇంత దూరం తెచ్చావు కాబట్టి రాస్తున్నాను. మన గొట్టం మీది ముద్ర చూడగానే ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఇదే చంద్రవంక, ఇవే మూడు చుక్కలు ఉన్న అచ్చుని ఆగస్టులో డేటన్‌లో ఒకతని చేతిలో చూశానండీ. యాస చూస్తే ఈ దేశంలో పుట్టినవాడు కాదు" అన్నాడు. ఆయన కంచంలో ఇంకో కోడి ముక్క వేశాను.

అసలు అచ్చేదో నకలేదో ఎలా తెలుసుకోవాలో ఆయన గంటసేపు చెప్పాడు. పిడి మొదట్లో ముద్ర ఉండాలి. తుపాకీ చేసినవాడే అచ్చూ చేసి రెంటిమీదా ఒకే ముద్ర కొట్టేవాడు. దాని పక్కన అంకె, పౌను సీసానికి ఎన్ని గుండ్లు వస్తాయో చెప్పేది. ముద్ర అంచులు చేతులు పడీ పడీ మెత్తబడి ఉండాలి. చేత్తో తొలిచిన గుంట పూర్తి గుండ్రంగా ఉండదట, ఎక్కడో కాస్త కోడిగుడ్డు పోలిక వస్తుందట. అద్దంలా నున్నగా, చక్కగా గుండ్రంగా ఉంటే అది నిన్నమొన్న మిషను మీద చేసిందని అనుమానించాలట. మీ ఆయన పని పనిముట్ల ఫ్యాక్టరీలో మిషన్ల మీదే కదా అని నేననడం లేదు. నువ్వే అనుకో.

ఇంకోటి. సీసం వేడి చాలకపోతే గుండు ముడతలు పడుతుంది. ఇవి నున్నగా, పెద్దగా ఉన్నాయి. నన్ను పిచ్చివాణ్ణి చెయ్యకు. అచ్చు మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది, ఆ ముద్ర నాకు పంపు.

ఎస్టిల్


డేటన్
అక్టోబరు 9

అన్నయ్యా,

ఈ ఉత్తరం ఓమా వదినకి చూపించకు.

గుండ్లు నేను పోయలేదు. నేను ఆసుపత్రిలో ఉన్నాను. పందెం వేళకి నీకు అందవేమోనని నేను గోల పెడుతుంటే కాజ్, "నువ్వు పడుకో, నేను పోసి పంపిస్తాలే" అన్నాడు. మన రక్తం కాని చెయ్యి ఆ అచ్చు పట్టకూడదని నాన్న అనేవాడు కదా. నువ్వు అదే మాట పట్టుకుంటావని దాచాను.

నీ మొదటి ఉత్తరం వచ్చినరోజే సొరుగు తీశాను. అచ్చు లేదు. దాన్ని చుట్టే ఫ్లానెల్ గుడ్డ ఉంది, మడత పెట్టి ఉంది, లోపల ఏమీ లేదు. కాజ్‌ని అడిగాను. "ఉంటుందిలే, ఎక్కడికి పోతుంది?" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి అబద్ధం ఆడటం రాదు, ఆడబోతే చెవులు చెప్పేస్తాయి. అప్పుడు కూడా నీకు రాయకుండా నీమీదే ఎగిరాను, ఎందుకంటే ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

ఇప్పుడు నువ్వు ఆ ప్రెంటిస్ మాట రాశావు. పద్దెనిమిదేళ్లు కాపురం చేశాను అన్నయ్యా. ఆయన జీతం కవరు విప్పకుండా తెచ్చి నా చేతిలో పెడతాడు. పక్కింటి ముసలావిడ కుట్టుమిషను బాగుచేసి ఒక కాఫీ కూడా తాగకుండా వచ్చేస్తాడు. అలాంటి మనిషి నా తండ్రి ఇచ్చిన వస్తువు అమ్ముకున్నాడంటే, నేనిన్నాళ్లూ ఎవరి పక్కన పడుకున్నట్టు? అచ్చు పోతే పోయింది, ఇనుము. నాకు కావలసింది ఆయన దొంగ కాదని తెలియడం. అది తెలిసేదాకా నాకు ముద్ద దిగదు.

మళ్లీ అడగడానికి భయంగా ఉంది. అవునంటే ఏం చెయ్యాలి?

వర్డీ


లారెల్ వాగు
అక్టోబరు 14

వర్డీ,

పెళ్లినాడే చెప్పాను. మనిషి మంచివాడిలా కనపడుతున్నాడు, మాట మాత్రం నాలుగు ముక్కలకి మించి బయటికి రాదు, అలాంటివాళ్ల కడుపులో ఏముందో తెలీదు అన్నాను. నువ్వు నాతో ఏడాది మాట్లాడలేదు.

ఏడవకు. ఏడిస్తే పని జరగదు. అతను ఇంట్లో లేనప్పుడు పనిముట్ల పెట్టె వెతుకు, కోటు జేబులు వెతుకు. అచ్చు అమ్మితే చేతికి ఏదో వచ్చి ఉంటుంది, అది ఎక్కడో ఉంటుంది.

అచ్చు దొరక్కపోతే నేను డేటన్ వచ్చి అతనితో మాట్లాడతాను. ఆ తరవాత అతను ఈ వాగు దాటి మన ఇంటి గుమ్మం ఎక్కనక్కర్లేదు.

అన్నయ్య


డేటన్
అక్టోబరు 25

అన్నయ్యా,

అచ్చు దొరికింది. దొరకడమే ఇంకా భయంగా ఉంది.

శుక్రవారం బట్టలు సర్దుతూ సొరుగు తీస్తే ఫ్లానెల్ గుడ్డలో ఉంది, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు. గుడ్డ విప్పాను. మన అచ్చు నల్లగా ఉంటుంది కదా, తాతల కాలం మసితో. ఇది చెంచాలా మెరుస్తోంది. పెన్సిల్ రుద్దిన కాగితం ఇందులో పెట్టాను, చూడు. చంద్రవంక ఉందో లేదో అన్నట్టుంది. చుక్కలు రెండే. మూడోది ఎంత రుద్దినా రాలేదు. పిడులు విప్పి గుంటలో వేలు పెట్టాను. గాటు లేదు. నువ్వు రాసిన మాటే, అద్దంలా ఉంది. పోసినచోట గుండుకి మిగిలే సీసం తోక కత్తిరించే అంచు కొత్త కత్తిలా కోస్తోంది, నా వేలికి రక్తం వచ్చింది.

ఆదివారం ఆయన తన చర్చికి వెళ్లినప్పుడు పనిముట్ల పెట్టె వెతికాను. తరవాత కోటు జేబులు. తరవాత ఫ్యాక్టరీకి పట్టుకెళ్లే భోజనం డబ్బా కూడా తెరిచి, అడుగున కాగితం ఎత్తి చూశాను. ఏమీ లేదు. ఒక ఆపిల్ ముచ్చిక, నేను ఎప్పుడో కూరగాయలు తెమ్మని రాసిచ్చిన చీటీ. ఆ చీటీ చూసి సిగ్గుపడాల్సింది పోయి, "ఎంత జాగ్రత్తపరుడో చూడు, ఏదీ దొరక్కుండా దాచాడు" అనుకున్నాను. అనుమానం వస్తే అంతే, ఏమీ దొరక్కపోవడం కూడా సాక్ష్యంలాగే కనపడుతుంది.

ఆయన తిరిగొచ్చి పెట్టె చూసుకున్నాడు. ఆకురాళ్లు తను పెట్టిన వరసలో లేవు. నావైపు చూశాడు. "ఏమైనా కావాలా వర్డీ?" అన్నాడు. "స్క్రూడ్రైవరు" అన్నాను. ఇచ్చాడు. దాంతో ఏం చెయ్యాలో తెలియక వంటింట్లో నిలబడ్డాను.

నీ పందెం బాగా జరగాలి. అడుగున మిగిలిన పోయినేటి గుండ్లు ఉంటే అవి వాడు.

వర్డీ


లారెల్ వాగు
నవంబరు 1

వర్డీ,

పోయినేటివి మిగల్లేదు. నువ్వు పంపిన నున్నటివాటితోనే కాల్చాను. ప్రతిదానికీ సుత్తి పెట్టి కొడుతుంటే బర్లీ ఫ్యూగేట్ అందరూ వినేలా, "ఏం ఎస్టిల్, తుపాకీ కాల్చడానికొచ్చావా, కంచె పాతడానికొచ్చావా?" అన్నాడు. వెనక తొడ వాడిదే. ఆఖరికి ఐదో వాటా, చర్మమూ కొవ్వూ, అది కూడా నాకు దక్కలేదు. నాన్న తుపాకీని భుజాన వేసుకుని తలొంచుకుని నడిచొచ్చాను.

నీ కాగితం ప్రెంటిస్‌కి పంపనక్కర్లేదు, నాకే అర్థమైంది. రెండు చుక్కలు, నున్నటి గుంట, గాటు లేదు. అది మన అచ్చు కాదు. అసలుది అమ్ముకుని ఫ్యాక్టరీలో నకలు చేసి సొరుగులో పెట్టాడు. నువ్వు అచ్చేదని అడగడంతో తొందరలో మూడో చుక్క మరిచిపోయాడు. దొంగ అన్న మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదనుకోకు. దొంగ.

నీకింకా నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది. తుపాకీ గొట్టాన్ని చెక్కలోంచి ఊడదీసి చూశాను. అడుగున ఆకురాయితో నాలుగు పొడుగు గీతలు, ఒక పొట్టి గీత కోసి ఉన్నాయి. ఆ పాతకాలపు పనివాళ్లు పని జరిగేటప్పుడు ఏ గొట్టానిది ఏ అచ్చో కలిసిపోకుండా, అవే గీతలు అచ్చు కీలు లోపల కూడా కోసుకునేవారని ప్రెంటిస్ చెప్పాడు. పైకి కనపడవు. కీలు శీల ఊడగొట్టి రెండు సగాలూ విడదీస్తే గానీ తెలియదు. నకలు చేసేవాడికి ఆ సంగతే తెలియదు కాబట్టి అక్కడ దొరికిపోతాడు.

ఓమా పక్కన నిలబడి ఒక మాట రాయమంటోంది. "మనిషిని పద్దెనిమిదేళ్లు చూసి తెలుసుకోలేనిది భూతద్దంలో చూస్తే తెలుస్తుందా?" అంటోంది. కోళ్లు కోసే మనిషి మాట, రాసేశాను.

అన్నయ్య


డేటన్
నవంబరు 14

అన్నయ్యా,

నీ ఉత్తరం చేరేసరికే నేను చెయ్యకూడని పాడుపని చేసేశాను.

మొన్న బుధవారం భోజనాల వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాను. ఫోర్‌మన్‌ని పక్కకి పిలిచి నెమ్మదిగా అడుగుదామనే వెళ్లాను. ఆయనకి చెవుడు. మిషన్ల దగ్గర పనిచేసి అందరికీ చెవుడే. అరిచి అడగాల్సొచ్చింది. "మా ఆయన ఇక్కడ ఒక గుండ్ల అచ్చు చేశాడా? పాతదాన్ని చూసి అలాంటిదే ఇంకోటి?" అన్నాను. గోడవార కూర్చుని తింటున్నవాళ్లంతా నమలడం ఆపేశారు.

"కంపెనీ మిషన్ల మీద సొంత పనులు చెయ్యకూడదమ్మా, రూలు" అన్నాడు ఫోర్‌మన్. కాజ్‌ని కేకేశాడు. కాజ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూసి ముందు భయపడ్డాడు, నాకు మళ్లీ నొప్పి వచ్చిందేమోనని. "ఏమైంది? కడుపా?" అన్నాడు. అన్నయ్యా, ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"అచ్చు చేశావటయ్యా ఇక్కడ?" అన్నాడు ఫోర్‌మన్.

కాజ్ నావైపు చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి. "చెయ్యలేదు" అన్నాడు. "అచ్చుకి సీసం తోక కోసే అంచు మొద్దుబారింది. దానికి ఇక్కడ సానపట్టాను. భోజనం గంటలో." లేదనేసినా ఎవరికీ తెలిసేది కాదు. నిజం చెప్పాడు. పనిముట్ల గది తాళంచెవి పన్నెండేళ్లుగా ఆయన దగ్గరుండేది. ఫోర్‌మన్ చెయ్యి చాపితే తీసి ఇచ్చేశాడు.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి, ఆ మధ్యాహ్నమే వచ్చిన నీ ఉత్తరం బల్ల మీద విప్పి ఉంది. నేనే చదివి వదిలేశాను. ఆయన నిలబడే చదివాడు. దొంగ అన్నచోట కూడా ఆగలేదు. చివరిదాకా చదివి, "మీ అన్నయ్య చెప్పిన పరీక్ష చేద్దాం, ఒక గుడ్డ పరుచు" అన్నాడు. అచ్చు తెచ్చి చిన్న సుత్తితో శీల కొట్టి సగాలు విడదీశాడు. కీలు లోపల నల్లటి పాత కొవ్వు గడ్డకట్టి ఉంది. గుడ్డతో తుడిచి దీపం దగ్గరికి జరిపాడు. నాలుగు పొడుగు గీతలు, ఒక పొట్టి గీత.

"చూసుకో" అన్నాడు. అంతే.

అది మన అచ్చే. తాత అచ్చే. నేను బతిమాలితే అప్పుడు చెప్పాడు. నేను ఆసుపత్రిలో ఉండగా మొదటి గుండు పోసి చూస్తే దానికి గీత కనపడిందట. ఆయన కంటికి అది పుండులా కనపడింది. "ఇలాంటి సరుకు మా బెంచీ మీంచి బయటికి పోనివ్వం. మీ అన్నయ్య ఇన్నేళ్లూ ఈ మచ్చతోనే గెలుస్తున్నాడంటే, మచ్చ తీసేస్తే ఇంకెలా గెలుస్తాడో అనుకున్నా." ఆ ప్రెంటిస్ డేటన్ వచ్చినప్పుడు దగ్గరికి వెళ్లింది ఆయనే. అమ్మడానికి కాదు, గాటు ఎలా తియ్యాలో అడగడానికి. ప్రెంటిస్, "ముట్టుకోవద్దు, నాకు అమ్మెయ్" అన్నాడట. ఈయనకి పౌరుషం వచ్చింది. "పనిచేసే వస్తువుకి మచ్చ ఎందుకండీ?" అని వచ్చేశాడు. సానపొడి నూనెలో కలిపి రోజూ సాయంత్రం చేత్తో గుంటని రుద్దాడు. గాటు పోయింది, దాంతోపాటు గుంట ఒక వెంట్రుకవాసి పెరిగింది. గుండ్లు పంపించాక కూడా అచ్చు తన దగ్గరే ఉంచుకుని, మసి వదిలించబోయి ముద్ర కూడా అరగదీశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. నాకెందుకు చెప్పలేదంటే, "ఎస్టిల్ దగ్గర్నుంచి 'ఈసారి గుండ్లు ఎంత బాగున్నాయో' అని ఉత్తరం వస్తుంది కదా, అప్పుడు నేనే చేశానని చెబుదామనుకున్నా" అన్నాడు.

నీ మెప్పు కోసం అన్నయ్యా. పద్దెనిమిదేళ్లుగా నువ్వు ఒక్క మంచి మాట అనలేదని, దాని కోసం.

శీల మళ్లీ బిగించి, చేతులు కడుక్కుని, భోజనం చేశాడు.

ఇంకేం రాయలేను.
వర్డీ


లారెల్ వాగు
డిసెంబరు 27

నా చెల్లెలికి, బావ కాజిమిర్‌కి,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో ఓమా చెబుతుంది. రాసి చింపాను, రాసి చింపాను. సిగ్గుతో చచ్చాను. ఇక తిట్టాలనుకుంటే తిట్టండి, పడతాను.

ముందు ఇది వినండి. ఓమా ఒకరోజు, "గుండు పెరిగితే గుడ్డ పల్చబడాలి గానీ సుత్తి ఎందుకయ్యా?" అంది. పాత దిండుగలీబు చింపి ఇచ్చింది. మందపాటి పీలిక బదులు దాన్ని చుట్టి తోస్తే గుండు వెన్నలా దిగింది. పేల్చాను. గురి నడిమధ్య! మళ్లీ పేల్చాను. మొదటి కన్నం పక్కనే. వర్డీ, ఈ తుపాకీ నాన్న చేతిలో కూడా ఇలా కొట్టలేదు. ఆ గీత వల్లే గుండు గాలిలో కాస్త వంకరపోయేదని ఇప్పుడు తెలుస్తోంది, మనం దాన్ని వంశగౌరవం అనుకుని గోటితో తడుముకుంటూ కూర్చున్నాం.

క్రిస్మస్ పందెంలో వెనక తొడ నాది. బర్లీ నా గుండుని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి, "ఎవరు పోశారు?" అన్నాడు. "మా బావ" అన్నాను. అందరూ విన్నారు.

తొడలో సగం పొగలో పెట్టి మీకు బస్సులో పంపించాను. బావా, నువ్వు వసంతానికి తప్పకుండా రావాలి. ఆ ఉడకేసిన కజ్జికాయలు నువ్వే చేసి పెట్టు, నేను తింటాను. దొంగ అని రాసిన చెయ్యి ఇదే. అది నిన్ను క్షమాపణ అడుగుతోంది. ఫ్యాక్టరీవాళ్లకి కూడా నేను ఉత్తరం రాసి, తప్పంతా నాదని చెప్పాను. జరిగింది జరిగింది, అందరం ఒకటైపోదాం. వర్డీ, ఇప్పుడు నీ మనసు కుదుటపడిందా?

మీ ఎస్టిల్


డేటన్
జనవరి 9, 1955

అన్నయ్యా,

మాంసం అందింది. బాగుంది. నీ ఉత్తరం కాజ్‌కి చదివి వినిపించాను. బావా అన్నచోట మళ్లీ చదవమన్నాడు. గుండు గురి నడిమధ్య తగిలిందన్నచోట నవ్వాడు, "చూశావా, గుండ్రంగా ఉంటే అంతే" అన్నాడు. వసంతంలో వస్తానన్నాడు. నీమీద ఆయనకి కోపం లేదు. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే చెవులు మామూలుగా ఉన్నాయి. తాళంచెవి కూడా తిరిగి ఇచ్చారు, నీ ఉత్తరం వల్లో మరి దేనివల్లో.

నీకూ ఆయనకీ తీరిపోయింది. నువ్వు కొండల అవతల కూర్చుని అనుమానించావు, కొండల అవతలనుంచే ఒక ఉత్తరం రాశావు, చెల్లిపోయింది. నేను ఎదురుగా కూర్చుని అనుమానించాను. ఆయన పెట్టిన పెరుగునీ రొట్టెనీ తింటూ అనుమానించాను. నాకు అంత సుళువుగా తీరడం లేదు.

నా మనసు కుదుటపడిందా అని అడిగావు కదా, చెబుతాను విను. ఆ బుధవారం తరవాత రోజునుంచీ ఆయన పనినుంచి రాగానే, టోపీ కూడా తియ్యకుండా, భోజనం డబ్బా తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టి మూత తెరుస్తాడు. అడుగున కాగితం తీసి పక్కన పెడతాడు. తరవాత కోటు జేబులు ఒక్కొక్కటీ బయటికి లాగి అందులో ఉన్నవి బల్ల మీద పరుస్తాడు. జేబురుమాలు, పెన్సిల్, ఇప్పుడు తాళంచెవి. మొదటిరోజు నన్ను దెప్పుతున్నాడనుకుని ఏడ్చాను. దెప్పడం కాదు అన్నయ్యా. మొహంలో కోపం లేదు, బాధ కూడా కనపడదు. ఫ్యాక్టరీలో గేటు దగ్గర పెట్టె తెరిచి చూపించి బయటికి వస్తారు చూడు, అలా చేస్తాడు. కాళ్లు పట్టుకున్నాను. "వద్దు కాజ్, ఇలా చెయ్యకు, నాకు నీమీద నమ్మకం ఉంది" అన్నాను. "తెలుసు" అన్నాడు. "ఇలా అయితే నీకు హాయిగా నిద్రపడుతుంది కదా" అన్నాడు.

నిన్న కూడా పరిచాడు. నేను పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడ్డాను, చూడకపోతే తీసేసుకుంటాడేమోనని. తీసుకోలేదు. బీన్సు మాడిపోతున్న వాసన వస్తున్నా కదలకుండా అలాగే నిలబడ్డాడు, నేను తిరిగి చూసేదాకా.

నీ చెల్లెలు
వర్డీ